మేడ మీద ముగ్గు పడవ

అప్పట్లో టాటానగర్‌లోని మా బారిడీహ్ పేటలో ఎవరి మేడ మీద ఏముందో కింద వీధిలో నడిచే ప్రతివాళ్ళకీ తెలిసేది. ఫలానా వాళ్ళ మేడ మీద వడియాలు, ఫలానా వాళ్ళ మేడ మీద పావురాల గూడు, ఇంకొకళ్ళ మేడ మీద సగం కట్టి వదిలేసిన గది (ఆ గది గురించి అన్నదమ్ముల తగువు కూడా అందరికీ తెలుసు). మా మేడ మీద మాత్రం ఒక ఏడాది దసరా పూజ సెలవుల్లో పడవ ఉండేది. సముద్రం మొహం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊళ్ళో, సువర్ణరేఖ ఏట్లో మోకాళ్ళ దాకా తడిస్తే అదే పెద్ద జలకాలాటనుకునే మేము, ఇంటిల్లిపాదీ ఆ పడవలో కాపురం చేశాం. ఇప్పుడు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. నవ్వయ్యాక ఎవరికో ఒకరికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ దణ్ణం ఎవరికి చెందాలో తేలడానికి నాకు చాలా ఏళ్ళే పట్టింది.

మా నాన్న ట్రక్కులు తయారుచేసే కంపెనీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్లో పనిచేసేవాడు. అక్కడ ఆయన అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు, అందరికీ 'రిజెక్ట్ బాబు'. వెంట్రుకవాసి తేడా ఉన్నా సరే, గేజీ పెట్టి చూసి, కళ్ళజోడు సర్దుకుని, 'రిజెక్ట్' అని ఎర్ర రంగు పూసేసేవాడట. పెద్ద సారు వచ్చి బతిమాలినా ఆ రంగు చెరిగేది కాదట. ఆ గుణాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలేసి వస్తే మాకే బాధా లేకపోయేది. ఇంట్లో కూడా జేబులో టేపు పెట్టుకునే తిరిగేవాడు. దోసె ఒక పక్క మందంగా వస్తే రిజెక్ట్. నా పుస్తకానికి అట్ట వంకరగా వేస్తే రిజెక్ట్. తమ్ముడి క్షవరం రెండు చెవుల దగ్గరా సమంగా లేదని వాణ్ణి మళ్ళీ సెలూన్‌కి తోలిన రోజు కూడా ఉంది. ఆయన నోట 'పాస్' అన్న మాట వినడం మహా గగనం. అలాంటి మనిషికి, తెరచాప పడవ నడపడం నేర్పే చోటొకటి గోవాలో దొరికింది. ఏటా ఉన్న సెలవులన్నీ దాచుకుని అక్కడికి వెళ్ళి నేర్చుకుని, నల్లగా మాడి, ముక్కు మీద తోలూడి తిరిగొచ్చేవాడు. లోకంలో ఆయన రిజెక్ట్ చెయ్యని వస్తువు నాకు తెలిసి సముద్రం ఒక్కటే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకనాడు భోజనాల దగ్గర ఆయన మెల్లిగా కదిపాడు. "ఏటే, కొచ్చిలో ఒక పడవుంది. విదేశీ ముసలాళ్ళిద్దరు దాన్ని అమ్మేసి వాళ్ళ దేశం ఎల్లిపోతన్నారు. నాలుగు పక్కలున్నాయి, వంటకి చోటుంది, ఇంజనుంది. ఉద్యోగం మానేసి మనం నలుగురం ఏడాది పాటు అందులో ఉండిపోతే ఎలాగుంటది? సింహళం చుట్టూ తిరిగి విశాఖపట్నం, అక్కణ్ణుంచి అండమాను." అమ్మ చేతిలో పప్పు గరిటె గాల్లోనే ఆగిపోయింది. తమ్ముడు మాత్రం తడుముకోకుండా, "పాపా, ఉస్‌మే వైఫై హోగా క్యా?" అని అందులో వైఫై ఉంటుందో లేదో ఆరా తీశాడు. (మా ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే మేము హిందీలో చెప్పేవాళ్ళం. ఎవరూ తప్పు పట్టేవారు కాదు.) "దీపావళి లోపల ఏదో ఒకటి చెప్పకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేత్తారట" అని నాన్న కంచం వైపు చూస్తూ అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్న అమ్మ టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "సరే. ఆ పడవ ఎంతుందో అంతా మేడ మీద గీయండి. పూజ సెలవులయ్యేదాకా నలుగురం ఆ గీత దాటకుండా ఉందుం. ఉండగలిగితే నేను వత్తాను. మధ్యలో ఎవరు దిగిపోయినా సరే, పడవన్న మాట మళ్ళీ ఈ ఇంట్లో ఎత్తకూడదు" అంది. రెండో రోజుకే తేలిపోతుందిలే అన్నది అమ్మ ధీమా. కొలత ప్రకారం బతకడం తనకి పుట్టుకతో వచ్చిందన్నది నాన్న ధీమా. ఈ కబురు టెల్కో కాలనీలో ఉండే మా మేనత్తకి ఎలా చేరిందో తెలీదు గానీ, సాయంత్రానికల్లా ఆటో దిగింది. "ఓరి తమ్ముడూ, నీకేటి దెయ్యం పట్టింది? ఇద్దరు పిల్లల్నేసుకుని నీళ్ళ మీదేటి కాపురం?" అని గుమ్మంలోంచే మొదలుపెట్టింది. మనది సముద్రం ఒడ్డు వంశమే కదప్పా, మన తాత కళింగపట్నం దగ్గర్నుంచి వచ్చినవాడే కదా అని నాన్న నసిగితే, "మన తాతకి పడవెక్కడిదిరా? బియ్యం కొట్టూ, ఎద్దుబండీని. ఉప్పు నీళ్ళంటే ఆమడ దూరం పరిగెత్తీవోడు" అని నాన్న గాలి తీసేసింది. (మా చదువేమైపోవాలని కూడా అడిగింది. మీరూ అడుగుతారని చెప్తున్నాను, ఆ ఏడాది పడవలోనే చదివి ప్రైవేటుగా పరీక్ష రాసి ఇద్దరం గట్టెక్కాం.) ఆఖరికి, "సెలవులయ్యే రోజుకి నానే వచ్చి సూత్తాను, పందెం నెగ్గారో లేదో నాను సెప్తాను" అని తీర్పరి పదవి తనకి తానే ఇచ్చుకుని వెళ్ళింది.

సెలవులిచ్చిన రోజున నాన్న మేడంతా తుడిపించి, నడి గీత కొట్టి, దారం లాగి, సుద్దతో పడవ గీశాడు. ముందు మొనదేలి, మధ్యలో కాస్త ఉబ్బి, వెనక కత్తిరించినట్టు. అందులో రెండు పక్కల నాలుగు పడకలు, ఇంత వంటచోటు, బల్ల. మెట్ల గదిని ఆనుకున్న బాత్‌రూమ్ సరిగ్గా పడవలో బాత్‌రూమ్ ఉండాల్సిన మూలకే కుదిరిందని మురిసిపోయాడు. పైన నీలం టార్పాలిన్ కట్టాడు. పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చిన ట్రక్కు స్టీరింగు ఒకటి స్టూలుకి బిగించి చుక్కాని అన్నాడు. నీళ్ళ ట్యాంకూ, బట్టల తీగా, అమ్మ తులసి కుండీ గీతకి అవతల, అంటే సముద్రంలో, ఉండిపోయాయి. ఆ రాత్రి నలుగురం గీతలోపల సర్దుకుని పడుకుంటే తమ్ముడి పాదం నా నోటి దగ్గరికొచ్చింది. వాడు నిద్రలో ఫుట్‌బాల్ ఆడే రకం.

తెల్లారేసరికి నాన్న కేక విని లేచాం. "పడవేదీ?" అంటున్నాడు ఆయన, లుంగీలో నిలబడి, చేతులు రెండూ చాచి. పడవ లేదు. మా పక్కల కింద తప్ప మేడంతా తడితడిగా, అద్దంలా మెరుస్తోంది. మా అమ్మ అలవాటు కొద్దీ చీకటితోనే లేచి, చీపురు పట్టి, బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి, పడవని మొన నుంచి వెనక దాకా శుభ్రంగా కడిగేసింది. బయల్దేరిన మొదటి రోజే, తుఫానూ లేకుండా, బండరాయీ తగలకుండా, మా పడవ చీపురు దెబ్బకి మునిగిపోయింది. "అంత కష్టపడి గీస్తే..." అన్నాడు నాన్న. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఊడ్చి, నీళ్ళు జల్లి, ముగ్గెయ్యకుండా నేను పొయ్యి ముట్టించను. నేలైనా అంతే, సముద్రమైనా అంతే. మీ గీతే కదా, నేను వేత్తాను లెండి" అని ముగ్గు డబ్బా తెచ్చింది. తడిలో కూడా కాస్త కాస్త కనిపిస్తున్న సుద్ద జాడ పట్టుకుని, రెండు వేళ్ళ సందున ముగ్గు జారుస్తూ, వంగినది వంగినట్టే చుట్టూ తిరిగి పడవ వేసేసింది. మొన దగ్గర ఒక పద్మం కూడా పెట్టింది. నాన్న టేపు పెట్టి చూశాడు. తేడా లేదు. ఆయన ముఖం చూస్తే అది ఒప్పుకోవడం కష్టంగా ఉన్నట్టుంది. అలా ఆ రోజు నుంచి మా పడవ రోజూ పొద్దున్న మునగడం, రోజూ పొద్దున్న పుట్టడం మామూలైపోయింది.

పడవలో డ్యూటీలు ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. షిఫ్టు మారేటప్పుడు చార్జి అప్పగించాలి. "గాలి మామూలు, ఓడలేవీ కనపళ్ళేదు, పక్కింటి పిల్లి ఒకటి దాటింది" అని నేను రిపోర్టిస్తే నాన్న తల పంకించేవాడు. పక్క మేడ మీద బెంగాలీ బౌదీ బట్టలు ఆరేసుకుంటూ, "జహాజ్ కహాఁ పహుంచా?" అని ఓడ ఎందాకా వచ్చిందో అడిగేది. (బౌదీ అంటే వదిన, మా వీధి మొత్తానికీ ఆవిడే వదిన.) "కన్యాకుమారి దాటుతున్నాం" అని నాన్న గోడకున్న మ్యాపు చూసి చెప్పేవాడు. ఆవిడ పిట్టగోడ మీంచి పూజ ప్రసాదం కిచిడీ గిన్నె అందిస్తే, దారిలో ఎదురైన ఓడ నుంచి సరుకు తీసుకోవచ్చని నాన్న అప్పటికప్పుడు రూలు రాశాడు. ఆ రూలు మాత్రం మేమంతా ఏకగ్రీవంగా ఆమోదించాం.

అసలు శిక్ష ఏమిటంటే బయట పూజ జరుగుతోంది. సందు చివర పందిట్లో ఢాక్ డోలు మోగుతోంది. జిలేబీ వాసన, ఘుగ్నీ బఠాణీల వాసన మేడెక్కి వస్తున్నాయి. కొత్త గౌను పెట్టెలో ఉంది, నేను నడి సముద్రంలో ఉన్నాను. సప్తమి నాడు ఢాక్ గట్టిగా మోగేసరికి తమ్ముడు ఆగలేక గీత దాటి పిట్టగోడ దగ్గరికి ఒక్క దూకు దూకాడు. అమ్మ కళ్ళు మెరిశాయి. నాన్న చటుక్కున తేరుకుని, "వాడు దిగలేదు! పడిపోయాడు! ఈదరా, ఈదు!" అని అరిచాడు. వాడు మంచి నటుడు. వెంటనే బోర్లాపడి చేతులూ కాళ్ళూ ఆడించడం మొదలుపెట్టాడు. నాన్న తాడు కట్టిన స్కూటర్ ట్యూబు విసిరాడు. మొదటిసారి తులసి కుండీకి తగిలింది, రెండోసారి వాడి నెత్తిన పడింది. బౌదీ పిట్టగోడ మీంచి వంగి, ఈదుతున్నవాడి నోట్లో కొబ్బరి లడ్డూ పెట్టింది. చుట్టుపక్కల మేడల మీద చేరిన జనం ఈలలు వేస్తుండగా నేనూ నాన్నా కలిసి వాణ్ణి పడవలోకి లాగాం. "ఇది లెక్కలోకి వత్తదా?" అని అమ్మ అడిగింది. "పడ్డవాణ్ణి రక్షించడం రూలేనే" అన్నాడు నాన్న చెమటలు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రమే అసలు గండం వచ్చింది. ఇరుకులో వంగి వంగి అమ్మ నడుం పట్టేసింది. మోచెయ్యి తగిలి పాలగిన్నె ఒలికింది, ఒలికిన పాలలో నా సైన్సు పుస్తకం పడింది. "నా వల్ల కాదు బాబూ. మనుషులుండే చోటు కాదిది" అంటూ అమ్మ చరచరా గీత దాకా నడిచింది. ఇంకొక్క అడుగు వేస్తే కొచ్చి పడవ ఇంకెవరికో వెళ్ళిపోతుంది. నేను నాన్న వైపు చూశాను. వద్దంటాడనుకున్నాను, రూలు చదువుతాడనుకున్నాను. ఆయన తన పడక చుట్ట చుట్టి మూల పెట్టి, "నువ్వు నా పక్కకి కూడా కాళ్ళు సాపుకోవే, నేను కూర్చుని పడుకుంటాను" అన్నాడు. తర్వాత జేబులోంచి టేపు తీసి, చేసే పనేమీ లేక, దాన్ని లాగడం, వదలడం, లాగడం, వదలడం. అమ్మ గీత మీద చాలాసేపు నిలబడింది. "అన్నం మాడుతోంది" అని వెనక్కి వచ్చేసింది. అన్నం పొయ్యి మీద పెట్టనేలేదు, ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

విచిత్రమేమిటంటే అక్కణ్ణుంచి పడవ కాపురం తేలికైపోయింది. తమ్ముడి పాదం నా గడ్డం దగ్గర ఆగింది. రెండు రోజులకి భుజం దగ్గరికి, ఆ పైన అసలు అందనే లేదు. అమ్మ నిటారుగా నిలబడి పోపు పెట్టేస్తోంది. నాన్న కాళ్ళు చాచి పడుకుంటున్నాడు. "సూసేరా? శరీరం సర్దుకుంటది. దీన్నే ట్రెయినింగంటారు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు" అని ఆయన ఉపన్యాసమిస్తుంటే నేను ఛాతీ విరుచుకుని విన్నాను. నిజంగానే నేను సముద్రానికి తయారైపోయాననుకున్నాను. బౌదీ కూతురితో, "హమ్ లోగ్ అబ్ సెయిలర్ హో గయే" అంటూ, నావికులమైపోయామని పిట్టగోడ మీంచి గొప్పలు కూడా కొట్టాను. అమ్మ మాత్రం తల ఎత్తకుండా వంకాయలు తరిగేది.

సెలవుల ఆఖరి రోజున అన్నట్టుగానే మేనత్త ఆటో దిగింది. మెట్లెక్కి ఆయాసం తీర్చుకుని, మేడంతా కలయజూసింది. నలుగురం గీతలోనే ఉన్నాం, ఒకరి జుట్టు ఒకరు పట్టుకోకుండా ఉన్నాం, పైగా నవ్వుతున్నాం. ఆవిడకది నచ్చినట్టు లేదు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, కుండీ దగ్గర ఆగిపోయింది. "ఏటే పిల్లా, తులసమ్మ మొదట్నుంచీ పడవలోపలే ఉందేటి? నానొచ్చినప్పుడు సముద్రంలో ఉంటాదని తమ్ముడు సెప్పినట్టు గుర్తు" అంది. నేనూ చూశాను. తులసి కుండీ లోపల ఉంది. బట్టల తీగ లోపల ఉంది. నీళ్ళ ట్యాంకుకి ముగ్గు రాసుకుపోతోంది. అమ్మ చేతిలో గరిటె, మొదటి రోజు లాగే, గాల్లో ఆగింది. "తగువెందుకు? ఒరే తమ్ముడూ, జేబులో టేపుంది కదా, కొలు. నీకంటే కొలిసీవోడెవడున్నాడు టాటాలో?" అంది అత్త.

నాన్న టేపు తీశాడు. చివర నా చేతికిచ్చి, "గీత మీద పెట్టి పట్టుకో" అన్నాడు. నేను తులసి పక్కన కూర్చుని పట్టుకున్నాను. ఆయన అత్తకి వీపు పెట్టి అవతలి వైపుకి నడిచాడు. గీత దాకా వెళ్ళలేదు. చాలా ఇవతలే, ఏ గీతా లేని చోట, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, టేపు మీదికి వంగాడు. ఫ్యాక్టరీలో ఎంతసేపు చూసేవాడో అంతసేపూ చూశాడు. పక్క మేడ మీద బౌదీ తడి చీర పట్టుకుని నిలబడిపోయింది. నాన్న లేచి, టేపు వదిలేసి, "పాస్" అన్నాడు. అత్త ఇంకేమంటుంది? రిజెక్ట్ బాబు పాసన్నాక పెద్ద సారైనా మాట్లాడ్డు. అమ్మ గబగబా వెనక్కి తిరిగి పొయ్యి ఊదింది. అది గ్యాసు పొయ్యి.

ఆ చలికాలం టాటానగర్‌లో రైలెక్కి కొచ్చి చేరాం. అత్త స్టేషన్‌కొచ్చి ఆవకాయ జాడీ చేతిలో పెట్టి, అందరి కంటే ఎక్కువ ఏడ్చింది. రేవులో మా పడవ ఎక్కి లోపలికి దిగేసరికి నా తల పైకప్పుకి కొట్టుకుంది, అమ్మ మోచెయ్యి నాన్న పొట్టలోకి దిగింది, తమ్ముడు పడుకుని చూస్తే వాడి పాదం మళ్ళీ నా నోటి దగ్గరికొచ్చింది. "పాపా, యే తో ఛోటా హై!" అన్నాను నేను, ఇది మరీ చిన్నదని. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉప్పు నీళ్ళకి ముడుసుకుని ఉంటది" అంది. "అవునవును, ముడుసుకుంటది" అన్నాడు నాన్న, ఇంజనీరింగ్ డిప్లొమా ఉన్న మనిషి, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఆ పడవ మొత్తం ఫైబరు. తాళ్ళు విప్పి మేం రేవు వదిలిన ఉదయాన అమ్మ ముందే లేచి, డెక్కు కడిగి, చుక్కాని దగ్గర అరచేతంత ముగ్గు పెట్టింది. మొదటి కెరటం దాన్ని తీసుకుపోయింది. మర్నాడు మళ్ళీ పెట్టింది. అలా ఏడాది పైనే తిరిగాం. ఆ ఏడాదిలో చూసిన నీళ్ళూ, చేపలూ, వానలూ, నేను పడ్డ భయాలూ, వాటన్నిటికీ నేనీ జన్మంతా రుణపడి ఉంటాను.

నేనిప్పుడు టాటానగర్‌లోనే సోనారి పేటలో ఉంటున్నాను. అమ్మా నాన్నా బారిడీహ్ ఇంట్లోనే దోసె మందం గురించి వాదించుకుంటూ ఉన్నారు. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు అమ్మని సూటిగా అడిగేశాను, గీత ఎందుకు జరిపావని. ముందు నాకేం తెలీదంది. తర్వాత నవ్వి, "దాటేద్దామనే వెళ్ళానే ఆ రోజు. వెనక్కి తిరిగి చూత్తే మీ నాన్న టేపుతో ఆడుకుంటన్నారు, చిన్నపిల్లాడిలాగ. అందరికీ రిజెక్ట్ చెప్పే మనిషిని నేను రిజెక్ట్ అనలేకపోయాను. అలాగని ఆ ఇరుకులో చావలేను కదా. రోజుకో బెత్తెడు జరిపాను" అంది. ఆయనకి తెలీదులే పాపం, చెప్పకు అని గొంతు తగ్గించి మరీ ఒట్టు వేయించుకుంది. మేడ మీద మొక్కలకి నీళ్ళు పోస్తున్న నాన్న దగ్గరికి వెళ్ళి, ఒట్టు సంగతి పక్కన పెట్టి, నీకు నిజంగా తెలీదా నాన్నా అని అడిగాను. ఆయన పైపు తులసి కుండీ వైపు తిప్పాడు. "వెంట్రుకవాసి తేడా పట్టీవోణ్ణి, బెత్తెడు కనపడదేటే? మీ అమ్మ రోజుకో బెత్తెడు నా పడవలోకి వత్తంటే, టేపెట్టి ఆపుతానా?" అన్నాడు. ఆ తర్వాత, దానికి చెప్పకు, నాకు తెలీదనే అనుకుంటోంది అన్నాడు. నేను మెట్లు దిగుతూ ఇద్దరికీ మనసులో చెరో దణ్ణం పెట్టుకున్నాను. సముద్రానికి అలవాటు పడిపోయానని పిట్టగోడ మీంచి గొప్పలు కొట్టిన ఆ ఎనిమిదో తరగతి పిల్ల గుర్తొచ్చి, మెట్ల మలుపులో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను.